నలభై బిందెల మేడ

ఇరవై ఏళ్ళు మేడల్లో కాపురం చేశాను, కాగితం మీద. నిజానికి ఉన్నది తెనాలిలో, రెండు గదుల అద్దె వాటాలో. వానొస్తే కారేచోటల్లా గిన్నెలు పెట్టి, ఆ గిన్నెల మధ్యే పీట వేసుకుని కూర్చుని, పాలరాతి మెట్ల మీదుగా కథానాయికను కిందికి దించేదాన్ని. వారపత్రికలకు సీరియళ్ళు రాసే ఆడవాళ్ళలో చాలామంది సంగతి అప్పట్లో ఇంతే. ఇప్పుడు జనం టీవీలకు అతుక్కుపోయారు. నా మేడలన్నీ అద్దె పుస్తకాల షాపుల్లో చెదలు పట్టాయి. దానికి నాకేం పెద్ద బాధ లేదు. అలసిపోయాను, అంతే. మేడ అనే మాట రాయాలంటే చెయ్యి లేవదు.

పోయిన నెల రేపల్లె నుంచి కార్డు వచ్చింది. "మా అక్క ప్రభువునందు నిద్రించినది. భూస్థాపన అయినది. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. మీరు తప్పక రావలెను." నా చేతిరాతను పదకొండేళ్ళు భరించిన మనిషి పోయారు. కార్డు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయాను. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా లేవబుద్ధి కాలేదు.

నాది బ్రహ్మరాత. రాసిన మర్నాడు నాకే అర్థం కాదు. పత్రికవాళ్ళు రెండుసార్లు తిప్పి పంపాక ఎవరో ఆవిడ సంగతి చెప్పారు. మిషను బళ్ళో ముప్పై ఏళ్ళు పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన టీచరు గారు, చర్చి వెనక సందులో ఒక్క గదిలో ఉంటారు, ఫెయిర్ కాపీ రాసిపెడతారు అని. వెళ్ళేసరికి ఆవిడ ట్రంకుపెట్టెను బల్లగా చేసుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. తెల్ల నూలు చీర, ఎడమ చేతికి మగవాళ్ళ వాచీ. పాళీకి సిరా ఎక్కువైతే గుడ్డ వెతుక్కోవడం ఆవిడకు తెలీదు, జుట్టుకు తుడిచేసుకునేవారు. నెరిసిన జుట్టులో కుడి చెవి పైన ఎప్పుడూ ఒక నీలం చార ఉండేది. చర్చికి వెళ్ళేటప్పుడు దాని మీదుగా కొంగు కప్పుకునేవారు.

ఆ చేతిరాత చూస్తే నా కథ మీద నాకే గౌరవం కలిగేది. గుండ్రంగా, ఒకే ఎత్తులో, బళ్ళో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా ఉండేవి అక్షరాలు. కానీ ఆవిడతో ఒక చిక్కు ఉంది. తనకు నమ్మకం కుదరని మాట వస్తే రాసేవారు కాదు. కొట్టేసేవారూ కాదు, మార్చేవారూ కాదు. ఆ మాట పట్టేంత చోటు వదిలేసి, తర్వాతి మాట నుంచి ముందుకు సాగేవారు. చివర ఒక చీటీ పెట్టేవారు: "ఏడో పేజీలో చోటు వదిలాను. వచ్చి చూసుకో."

ఏడు కానీ డెబ్బయి కానీ, చోటు వదిలింది ఎక్కడో చూడకుండానే చెప్పగలిగేదాన్ని. ప్రేమలు, విరహాలు, అపార్థాలు, అన్నీ మారుమాట లేకుండా రాసేసేవారు. హీరో కళ్ళు సముద్రాల్లా ఉన్నా ఒప్పుకునేవారు. మేడ దగ్గర మాత్రం పాళీ ఆగిపోయేది.

మొదటిసారి గొడవ ఇంద్రభవనం దగ్గర వచ్చింది.

"రావుగారిది ఇంద్రభవనం లాంటి మేడ అని రాశావు. ఇంద్రుడి ఇంట్లో దుమ్ముంటదా అమ్మాయ్?"

"స్వర్గం కదండీ. ఎందుకుంటుంది?"

"మరి పనిమనిషిని పెట్టావేంటి మూడో పేజీలో? దుమ్ము లేని ఇంట్లో దానికేం పని?"

నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. ఇంద్రభవనం తీసేసి లంకంత కొంప అని పెడతానన్నాను.

"లంకంత అంటే ఎన్ని బిందెలు?"

"బిందెలేంటండీ?"

"వసారా, మెట్లు కడగాలంటే ఎన్ని బిందెల నీళ్ళు పడతయ్యి? అది తెలిస్తే ఇల్లెంతో తెలిసిద్ది. చూసి రాశావా, విని రాశావా?"

ఆ చివరి ప్రశ్న ఆవిడ ఊతపదం. కూరగాయల మనిషి లేత బెండకాయలన్నా అదే అడిగేవారు: "చూసి చెబుతున్నావా, విని చెబుతున్నావా?" ఆవిడ లెక్కలో మేడలు బిందెల్లో ఉండేవి. పది బిందెల ఇల్లంటే ఒక మోస్తరు డాబా. ఇరవై అంటే కలిగినవాళ్ళు. అన్నిటికంటే పైన ఒకే ఒక్క మేడ ఉండేది, నలభై బిందెలది. అది బాపట్లలో ఉంది.

ఆ మేడ సంగతి ఆవిడ ఒక్కసారిగా చెప్పలేదు. సిరా ఆరే లోపల ఒక ముక్క, టీ చల్లారే లోపల ఒక ముక్క చొప్పున చాలా ఏళ్ళు చెప్పారు. ఆవిడ పుట్టింది బాపట్లలోనే. వాళ్ళమ్మ ఒక రైసుమిల్లు యజమాని మేడలో పనిచేసేది. పెరడు ఊడ్చేది, గొడ్ల చావిడి శుభ్రం చేసేది, వసారా, మెట్లు కడిగేది. ఈవిడా, చెల్లెలూ నూతి దగ్గర నుంచి బిందెలు మోసేవాళ్ళు. రోజూ నలభై. లోపల ఎక్కడో గోడ గడియారం గంటలు కొడితే, ఊరవతల కొట్టినట్టు సన్నగా వినిపించేదట. అంత లోతు ఇల్లు అనేవారు.

"లోపల ఎలా ఉండేదండీ?" అని ఒకసారి అడిగాను.

"ఏమో. మేం గుమ్మం దాటేవాళ్ళం కాదు గదా."

"ఎందుకని?"

ఆవిడ కళ్ళజోడు తీసి నా వంక చూశారు. "నీకు తెలీదా అమ్మాయ్?"

తెలుసు. తెలిసే అడిగాను, అది నా సిగ్గులేనితనం.

నేను రాసే మేడలన్నిటి వెనకా ఆవిడకు ఆ ఒక్క మేడే కనబడేదని నాకు నెమ్మదిగా అర్థమైంది. ఆ ఇంటికి తగిన మాట ఎక్కడో ఉంటుందని, ఎవరో ఒకరు రాస్తారని, అది తన చేత్తో ఫెయిర్ చెయ్యాలని ఆవిడ ఆశ. వాళ్ళమ్మ నడుము నలభై ఏళ్ళకే వంగిపోయింది. మళ్ళీ నిటారుగా నిలబడకుండానే పోయింది. అమ్మ నడుము వంచేసిన ఇంటికి దాని స్థాయికి తగిన మాటన్నా ఉండాలి కదా అనేవారు. నేను మాత్రం వారానికొక భాగం పంపాల్సినదాన్ని, నాకు ఏదో ఒక మాట చాలు.

ఒక వారం ఇంట్లో జ్వరాలు. ఆవిడ దగ్గర కాగితాలు తీసుకుని చూసుకోకుండా కవర్లో పెట్టి, రైలు వచ్చే వేళకు స్టేషన్లో తపాలా డబ్బాలో వేసి వచ్చాను. చోటు నింపడం మర్చిపోయాను. పత్రికవాళ్ళు అదేదో కొత్త పద్ధతి అనుకుని, ఆ చోట వరసగా చుక్కలు పెట్టి మరీ అచ్చేశారు. "శేఖరం .......... మేడ ముందు కారు ఆగింది." సీరియల్ ఆపేస్తారనుకున్నాను. ఆపలేదు సరికదా, పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట నింపి. మయసభ లాంటి మేడ. ధగధగలాడే మేడ. పాపిష్టి మేడ. ఒకాయన చీరాల నుంచి అయిదు మాటలు పంపించి, ఇందులో ఏది కరెక్టో బహుమతి ప్రకటించమన్నాడు.

ఆ ఉత్తరాల కట్ట తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. ఒక్కొక్కటే చదివారు, మధ్యాహ్నమంతా. చివరికి కట్ట కట్టేసి పక్కన పెట్టారు.

"ఇంతమందిలో ఒక్కళ్ళకన్నా చీపురు గుర్తు రాలేదు అమ్మాయ్."

నాకు విసుగొచ్చింది. అసలే ఆ వారం పంపాల్సిన భాగం ఇంకా రాయలేదు. "ఎంతసేపూ నన్ను చూసి రాశావా అంటారు. మీరు మాత్రం చూశారా లోపల? ఆ మేడ ఇంకా ఉందా అసలు?"

"ఉంది. ఇప్పుడు కాన్వెంటు పెట్టారంట. చిన్నపిల్లల బడి."

"అయితే ఎవరైనా వెళ్ళొచ్చు. పదండి వెళ్దాం."

వస్తారనుకోలేదు. ఆ శనివారం పొద్దున్నే స్టేషన్లో నాకంటే ముందే ఉన్నారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర, చెవి పైన నీలం చార లేదు. జుట్టు కుంకుడుకాయతో రుద్దుకున్నారని వాసన చెబుతోంది. పాసింజరు బాపట్ల చేరేదాకా కిటికీలోంచి స్టేషన్ల పేర్లు చదువుతూ కూర్చున్నారు. రిక్షా దిగి గేటు కనబడగానే నేను ముందుకు నడిచాను. వెనక్కి చూస్తే ఆవిడ లేరు. పక్క సందులోంచి గొంతు వినిపించింది.

"ఇటు అమ్మాయ్, ఇటు దారి."

వెళ్ళి చూస్తే గోడ ఉంది. పెరటి గుమ్మం ఎప్పుడో మూసేసి ఇటుకలు పెట్టేశారు. ఆవిడ ఆ గోడ ముందు నిలబడి, నవ్వుకున్నారు. "కాళ్ళకి తెలీదు గదా," అన్నారు. ఇద్దరం తిరిగి ముందు గేటుకు వచ్చాం.

పిల్లలు ఒంటిపూట బడి అయి వెళ్ళిపోయారు. వసారాలో ఒక ఆయా గచ్చు తుడుస్తోంది. మమ్మల్ని చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పులు కిందే విడవండమ్మా, ఇప్పుడే తుడిచాను. అడ్మిషనుకైతే సోమవారం రావాల."

టీచరు గారు చెప్పులు విడిచి మెట్లు ఎక్కారు. ఎక్కాక మళ్ళీ దిగారు. మళ్ళీ ఎక్కారు. పెదవులు కదులుతున్నాయి. లెక్క పెడుతున్నారు. ఆరు మెట్లు. అన్నేళ్ళుగా ఆవిడ నాకు చెప్పిన లెక్క పదిహేను. వసారా మా వీధిలో కరణంగారి వసారా అంత ఉంది, కాకపోతే ఒక బారెడు ఎక్కువ. హాల్లో చిన్నచిన్న కుర్చీలు, గోడ మీద బొమ్మల అక్షరాలు. గుమ్మానికి ఎదురుగా, గట్టిగా పదడుగుల దూరంలో, గోడకు పాత గడియారం మేకు ఇంకా ఉంది.

"గడియారం ఇక్కడా?" అన్నారు ఆవిడ, ఎవరితో కాకుండా. "మరి అంత దూరంగా వినబడేదేంటి?" తనే జవాబు చెప్పుకున్నారు. "తలుపులేసేవాళ్ళు లే, మేం వచ్చే టైముకి."

బయటికి వచ్చి ఆయాను అడిగారు. "వసారా, మెట్లు కడగాలంటే ఎన్ని బిందెలు పడతయ్యమ్మా?"

"బిందెలేంటండి ఈ రోజుల్లో! మూడు బకెట్లు పోస్తే మెట్లతో సహా అయిపోద్ది."

"మూడేనా?"

"అదీ ఎక్కువేనండి. ఏంటి, తమరు ఇంతకుముందు ఇక్కడ ఉండేవాళ్ళా?"

"లేదమ్మా. వచ్చేవాళ్ళం."

ఆయా మళ్ళీ తన పనిలో పడింది. ఆవిడ ఆఖరి మెట్టు మీద కూర్చుని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవడానికి చాలాసేపు తీసుకున్నారు. నేను చెయ్యి అందించాను. ఆ చెయ్యి పట్టుకుని లేచారు కానీ గేటు దాకా వదల్లేదు.

బాపట్ల ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. రైలు లేటని చెప్పారు. నేను రెండు టీలు తెచ్చాను, ఆవిడ టీ చల్లారిపోయింది. ఏదో ఒకటి అనాలని, "చిన్నప్పుడు చూసినవన్నీ పెద్దగానే కనబడతాయి లెండి," అన్నాను.

"అది కాదమ్మాయ్. బిందెలు చిన్నతనం లెక్క కాదు గదా. నలభై నేనూ చెల్లీ మోశాం. మోసింది నిజం. బొబ్బలు నిజం." కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచారు. "అంత మేడ కాబట్టి అన్ని బిందెలు అనుకున్నా. అంత మేడ కాబట్టి మా అమ్మ నడుం పోయింది అనుకున్నా. ఇప్పుడు గుర్తొస్తుంది. కడగడం అయ్యాక మళ్ళీ కడిగేది మా అమ్మ. మెట్ల కాడ నుంచి గేటు దాకా, వంగొని, వెనక్కి వెనక్కి నడుస్తా. తన అడుగు పడ్డ చోటల్లా. మేం పోస్తావుంటే ఆవిడ చీపురుతో నెట్టేది. లోపల్నుంచి ఎవరో చూస్తా ఉండేవాళ్ళు, ఇంకా పొయ్యి, ఇంకా పొయ్యి అని. అదీ మేడ పనే అనుకున్నా నేను."

నేను చల్లారిన ఆ టీ గ్లాసు పక్కకు జరిపాను.

"మేడకి ఆరు బిందెలు అయ్యుంటయ్యి. మిగతాయన్నీ మా అమ్మ అడుగులకి." ఆవిడ వాచీ చూసుకున్నారు, రైలు ఎప్పుడో తెలిసి కూడా. "చూసి రాశావా విని రాశావా అని నిన్ను సతాయించా. నేను రోజూ చూశాను అమ్మాయ్. చూసి కూడా తప్పు రాసుకున్నా."

కొలకలూరులో మా అమ్మమ్మగారింట్లో, పెరడు ఊడ్చే మనిషి వెళ్ళగానే మెట్ల మీద నీళ్ళు చల్లేవాళ్ళు. ఆ చెంబు ఎన్నోసార్లు నా చేతికే ఇచ్చేవాళ్ళు. నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో. నీళ్ళాట అనుకుని ఉత్సాహంగా చల్లేదాన్ని, అమ్మమ్మ చాలు చాలన్నా వినకుండా. బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చున్నంతసేపూ ఆ చెంబు నా చేతిలోనే ఉన్నట్టుంది. చెప్పలేదు. చెప్పాల్సింది. రైలు వచ్చింది, ఎక్కాం, తెనాలి దిగాం, ఎవరిళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం.

ఆ తర్వాత ఆవిడ చోట్లు వదలడం మానేశారు. నేను ఇంద్రభవనం అని రాస్తే ఇంద్రభవనం అని గుండ్రంగా రాసేసేవారు. మెట్లు ఎన్ని, ఊడ్చేదెవరు అని అడగలేదు. మొదట్లో హాయిగానే అనిపించింది, పని త్వరగా తెమిలిపోతోందని. రెండు నెలలు గడిచేసరికి భయం పట్టుకుంది. కావాలని నోటికొచ్చిన మాటలు రాసేదాన్ని, ఒక్కటైనా ఆపుతారేమోనని. ఒకసారి "ఏడు సముద్రాలంత హాలు" అని రాశాను. అక్షరం పొల్లు పోకుండా రాసి ఇచ్చారు.

"టీచరు గారూ, ఇది నమ్మారా మీరు?" అని అడిగాను.

"నమ్మకాలదేముంది అమ్మాయ్. నీ మేడ నీ ఇష్టం," అన్నారు, పాళీ జుట్టుకు తుడుచుకుంటూ.

ఆ వాక్యం తర్వాత నాకు మేడలు రాయడం చేతకాకుండా పోయింది. కథానాయికను మెట్లు దింపుదామంటే ఆ మెట్లు తడిగా కనబడేవి. సీరియల్ అవస్థపడి ముగించాను. తర్వాత ఆవిడ కళ్ళు మసకబారాయి, చెల్లెలి దగ్గరికి రేపల్లె వెళ్ళిపోయారు. ఏడాదికొకసారి వెళ్ళి చూసొచ్చేదాన్ని. కళ్ళు కనబడకపోయినా జుట్టుకు వేళ్ళు తుడుచుకునే అలవాటు పోలేదు. చెంబు సంగతి చెప్పాలనే ప్రతిసారీ వెళ్ళేదాన్ని. అరటిపళ్ళు ఇచ్చి, కుశలం అడిగి తిరిగొచ్చేదాన్ని.

కూడికకు ముందురోజే రేపల్లె వెళ్ళాను. పాసింజరు దిగేసరికి వాన. సందంతా రేగడి బురద, చెప్పులు చేతికొచ్చాయి, పాదాలు చీలమండల దాకా నల్లబడ్డాయి. చెల్లెలి ఇల్లు రెండు గదుల రేకుల ఇల్లు, అలికినంత నున్నగా తుడిచిన తెల్ల గచ్చు. గుమ్మం బయటే ఆగిపోయి నీళ్ళ కోసం అటూ ఇటూ చూశాను.

"రండమ్మా లోపలికి, తడుస్తున్నారు," అందావిడ. అక్క గొంతే, కాస్త బొంగురు.

"కాళ్ళు బురదగా ఉన్నాయండీ. కాసిని నీళ్ళు ఇస్తే కడుక్కుని వస్తాను. గచ్చంతా అడుగులు పడతాయి."

"పడితే పడనీండమ్మా. అడుగులే గదా. రండి."

చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. గుమ్మం నుంచి మంచం దాకా నా అడుగులు ఏడో ఎనిమిదో పడ్డాయి, నల్లగా. ఎవరూ గుడ్డ తేలేదు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. అక్క కోసం అనుకుని ఆవిడా ఏడ్చింది. కొంత నిజమే.

కాస్త తేరుకున్నాక ఆవిడ కూతురు ఒక కాగితం తెచ్చింది. కూడికలో పంచడానికి కార్డు వేయించాలట, ప్రెస్సువాడు సాయంత్రం లోపల ఇమ్మన్నాడట.

"మీరు రైటరు కదా ఆంటీ, ఒకసారి చూసి ఫెయిర్ చేసి పెడతారా?"

ఫెయిర్ కాపీ. ఆవిడకు నేను. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. గోడవారనున్న ఆవిడ ట్రంకుపెట్టె ముందుకు లాక్కుని కూర్చున్నాను, కుదిరినంత గుండ్రంగా రాయడం మొదలుపెట్టాను. పేరు, ఊరు, ముప్పై సంవత్సరములు ఉపాధ్యాయినిగా సేవ. తర్వాతి వాక్యం: "పరలోకమందు బంగారు మందిరములో విశ్రమించుచున్న." నా పెన్ను బంగారు దగ్గర ఆగింది. ఆ మందిరం మెట్లెన్ని, ఎవరు కడుగుతారు, ఏ గుమ్మంలోంచి రమ్మన్నారు అని అడిగే మనిషి లేరు. ఆ వాక్యం పట్టేంత చోటు వదిలేశాను. వదిలేసి, చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా గచ్చు మీద నా అడుగులు ఆరుతున్నాయి. అప్పుడు ఆ చోట్లో రాశాను: "ఎవరి అడుగులనైనా పడనిచ్చే ఇంటికి వెళ్ళిన."

కూతురు నా భుజం మీదుగా చదివి తల గోక్కుంది. "ఇదేంటి ఆంటీ? బంగారు మందిరం అంటే గొప్పగా ఉంటది గదా. ఇది ఎవరికి అర్థమవుద్ది?"

చెల్లెలు నేను రాసిన కాగితం తీసుకుంది. చదువు తక్కువేమో, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. వేలు ఆ మాట దగ్గర ఆగిపోయింది. తలెత్తకుండానే అడిగింది.

"బిందెల సంగతి అక్క చెప్పిందా మీకు?"

"చెప్పారండీ." ఇక ఇప్పుడైనా అనుకున్నాను. "మా అమ్మమ్మగారింట్లో మెట్ల మీద నేనూ నీళ్ళు చల్లేదాన్నండీ. ఆ మాట మీ అక్కయ్యగారికి చెప్పలేకపోయాను."

ఆవిడ వేలు ఆ మాట మీదే ఉంది. బయట వాన రేకుల మీద పడుతోంది. తర్వాత ఆ కాగితాన్నీ, కూతురు తెచ్చిన చిత్తు కాగితాన్నీ నా ఒళ్ళో పెట్టింది.

"ఇదే ఉంచండమ్మా," అంది. "బంగారం కొట్టేయండి."